రెండో బ్రేకు

మా బాబాయి డ్రైవింగ్ స్కూల్లో ఉన్నది ఒక్కటే కారు. దానికి ఏడు సొట్టలు. ఏ ఒక్కటీ బాగుచేయించనిచ్చేవాడు కాదు. కొత్తగా చేరినవాళ్లని కారు చుట్టూ తిప్పి, ఒక్కో సొట్ట కథ చెప్పి, ఆ తర్వాతే సీట్లో కూర్చోబెట్టాలని రూలు. ఆ కథలు చెప్పే డ్యూటీ నాది.

"ఇది హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా టీ తాగడానికి వెళ్లిన పెద్దమనిషిది. ఇది రివర్సు గేరు వేసి ముందుకి చూసిన లెక్చరర్‌గారిది. ఈ తలుపు మీదది, వెనక ఎవరొస్తున్నారో చూడకుండా డోరు తీసిన కొత్త పెళ్లికొడుకుది."

ఆ రోజు కొత్తగా చేరిన అమ్మాయి ఏడూ బుద్ధిగా విన్నది. మెడలో వేలాడుతున్న టేపు తీసి మూడో సొట్టను కొలిచింది.

"ఆరున్నర అంగుళాలు," అంది. "మరి మీది ఏది మాస్టారూ?"

"నాది లేదండీ. నేనెప్పుడూ ఎవర్నీ గుద్దలేదు."

"అయ్యో! అయితే మీ దగ్గర నేర్చుకోవడం డేంజరే. దెబ్బ తగలనివాళ్లకి ఏం తెలుస్తుంది?"

నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం టేపు మళ్లీ మెడలో వేసుకుని, స్కూలు యూనిఫారాలు కుట్టే టైలరుగారి కూతుర్నని, నాన్న కుడతాడని, తను కత్తిరిస్తుందని గడగడా చెప్పేసింది. బట్టల మూటలు స్కూళ్లకి చేర్చడానికి పాత కారొకటి కొన్నారట. నడిపేవాళ్లే లేరట.

"అందుకని మీ మీద పడ్డాను," అంది.

నేర్పే కారులో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నడిపేవాళ్లు తడబడితే నేను తొక్కుతాను. మా కారులో ఆ రెండో బ్రేకు తొక్కితే కిర్రుమని అరుస్తుంది. చుక్క నూనె వేస్తే పోయేదే. బాబాయి వెయ్యనివ్వలేదు. "అరవనీరా. కారు ఎవరు ఆపారో వాళ్లకి తెలియొద్దూ?" అనేవాడు.

మొదటిరోజు అది పద్నాలుగు సార్లు అరిచింది. లెక్కపెట్టింది నేను కాదు, ఆమె.

నాలుగోరోజు వాన. సందు మలుపులో సైకిలు ఒకటి అడ్డొచ్చింది. నేను తొక్కాను, కిర్రుమంది. ఆమె ఇంజను ఆపేసి, స్టీరింగు మీద తల పెట్టేసుకుంది.

"అది అరిచినప్పుడల్లా క్లాసులో అందరి ముందూ బెంచీ ఎక్కించినట్టుంది మాస్టారూ. నావల్ల కాదు. రేపట్నుంచి రాను."

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. నాలుగురోజుల పరిచయానికే "రాను" అన్న మాట అంత గట్టిగా తగులుతుందని నేననుకోలేదు.

ఆ సాయంత్రం బాబాయి స్కూలు మూసి ఇంటికెళ్లిపోయాక, ఆ రెండో బ్రేకు పెడలు కింద పడుకుని గ్రీజు పెట్టాను. నా జన్మలో నేను సొంతంగా చేసిన రిపేరు అదొక్కటే. బ్రహ్మాండంగా కుదిరింది. ఎంత తొక్కినా చడీచప్పుడూ లేదు.

మర్నాడు ఆమె బతిమాలించుకుని వచ్చింది. గంట నడిపింది. దిగాక కళ్లు పెద్దవి చేసుకుని, "ఒక్కసారి కూడా అరవలేదు కదూ!" అంది.

నేను తొమ్మిదిసార్లు తొక్కాను. చెప్పొచ్చు. ఆ నవ్వు చూశాక ఎవరు మాత్రం చెప్తారు? సరే, నిజాయితీ ఉన్నవాడెవడైనా చెప్తాడు. నేను చెప్పలేదు.

ఆ తర్వాత నెలరోజులూ నా జీవితంలో మంచిరోజులు. ఆమె మాట్లాడుతూ నడిపేది. నేను వింటూ నడిపించేవాణ్ని. మలుపుకి కాస్త ముందే నా కాలు మెత్తగా దిగేది, బండి సుతారంగా తగ్గేది. "చూశారా, ఎంత స్మూత్‌గా ఆపానో!" అనేది. "బాగా ఆపారండీ," అనేవాణ్ని. ఇండికేటరు అనుకుని వైపర్లు వేసిందంటే మాత్రం ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం. కారు గోడ పక్కన పెట్టిన ప్రతిసారీ దిగి టేపుతో కొలిచేది.

"పదకొండు అంగుళాలు. నిన్నటికంటే నయం. అవునూ, మీ చొక్కా భుజం జారిపోయింది. ఎవరు కుట్టారు?"

"రెడీమేడండీ."

"ఛీ! టైలరు కూతురి పక్కన కూర్చుని ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది? లైసెన్సు రానివ్వండి, నేనిస్తా చొక్కా."

"కొలతలు తీసుకోరా?"

"నెలరోజులుగా పక్కనే చూస్తున్నాగా," అంది. చెవులు ఎర్రబడ్డాయి. ఆమెవి కాదు, నావి.

టెస్టు ఖాళీ గ్రౌండులో పెట్టారు. మెల్లగా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించారు, రివర్సు చేయించారు, అంతే. గట్టిగా బ్రేకు వెయ్యాల్సిన పనే పడలేదు. లైసెన్సు చేతికొచ్చిన రోజు ఆమె ఆ కార్డుతో నా నెత్తిన ఒకటి మొట్టింది.

"ఆదివారం షాపుకి రండి. టీ ఇస్తాం, చొక్కా ఇస్తాం. మీరేదో చెప్పాలని నెలరోజులుగా గుటకలు మింగుతున్నారు చూడండి, అదికూడా నాన్న ముందే చెప్పేయండి."

ఆ ఆదివారం రాలేదు. శుక్రవారం పొద్దున వానలో తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని, వెనకసీటు నిండా యూనిఫారాలతో బయల్దేరి, మలుపు దగ్గర ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దింది.

నేను ఆసుపత్రికి పరిగెత్తాను. వరండాలో బల్లమీద కూర్చుని ఉంది. మెడలో టేపు తడిసి ముద్దయింది. ఆమెకేమీ కాలేదు. తండ్రికి కుడికాలి చీలమండ విరిగింది.

"లారీ దూరంనుంచే కనపడింది మాస్టారూ," అంది నన్ను చూడగానే. "బ్రేకు మీద కాలు కూడా పెట్టాను. మీ కారులో అయితే మలుపు దగ్గరికొచ్చేసరికి బండి దానంతట అదే తగ్గేది. ఇది తగ్గలేదు. ఏం తప్పు చేశానో నాకు అర్థం కావట్లేదు."

నాకు అర్థమైంది.

"రోడ్డు తడిగా ఉంది కదండీ," అన్నాను. అంతకన్నా పిరికి మాట నా నోట ఇంకెప్పుడూ రాలేదు.

వారం తర్వాత బాబాయి ఒక కబురు తెచ్చాడు. టైలరుగారి కాలు ఇక పూర్తిగా వంగదన్నారట. కుట్టుమిషను తొక్కలేడు. ఆ అమ్మాయి కారు అమ్మేస్తానంటోందట. తన చేతుల్లోనే ఏదో లోపం ఉందని, కత్తెర పట్టుకోవాలన్నా భయమేస్తోందని ఏడుస్తోందట.

అప్పుడు బాబాయికి చెప్పేశాను. ఆయన వెళ్లి, కారులో వంగి, రెండో బ్రేకు చేత్తో నొక్కాడు. చప్పుడు లేదు. వేలికంటిన గ్రీజు వంక చూసుకున్నాడు.

"ఎందుకురా?"

"మానేస్తానంది బాబాయ్. తట్టుకోలేకపోయాను."

"ఆ పిల్లని కాపాడాననుకున్నావు. నీ పక్కసీటు ఖాళీ కాకుండా చూసుకున్నావు, అంతే," అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నమే షాపుకి వెళ్లాను. ముందుగదిలో మిషను, బల్ల, గోడకి నీలంరంగు లాగుల వరసలు. టైలరుగారు కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని బట్ట కత్తిరిస్తున్నాడు. మిషను మీద ఆమె కూర్చుంది. అలవాటు లేని పని, దారం తెగుతోంది.

నిలబడే చెప్పాను. అరుపు గురించి, గ్రీజు గురించి, రోజుకి ఎన్నిసార్లు తొక్కానో కూడా చెప్పాను. "మీ చేతుల్లో ఏ లోపమూ లేదండీ. లోపం నాది. మీరంటే నాకు ఇష్టం. మీరు రావడం మానేస్తారన్న భయంతో చేశాను."

మిషను ఆగింది.

"అయితే ఆ నెలరోజులూ నేను నడిపిన కారు నేను నడపలేదా?" అంది.



"అందరికీ చెప్పుకున్నాను మాస్టారూ. నాన్న భయపడుతుంటే, నాకు బ్రేకు బాగా వచ్చు, కూర్చో నాన్నా అని నేనే ఎక్కించాను." మిషను మీది బట్ట పక్కకి లాగేసింది. "ఇష్టమట! ఇష్టమున్నవాళ్లు చేసే పనేనా ఇది?"

టైలరుగారు కత్తెర పక్కన పెట్టాడు. "లారీ దగ్గరికొచ్చేసరికి నేనూ తొక్కాను బాబూ, నా వైపు. అక్కడ బ్రేకు లేదని తెలుసు. అలా బిగబట్టి తొక్కబట్టే విరిగిందన్నాడు డాక్టరు. మనవాళ్లు నడుపుతుంటే కాలు ఊరుకోదు. నిన్ను ఏమనను?"

"నువ్వాగు నాన్నా," అంది ఆమె. "మీరు వెళ్లిపోండి మాస్టారూ."

ఆ రోజే కిరసనాయిలు గుడ్డతో పెడలు గ్రీజంతా తుడిచేసి తొక్కాను. కిర్రుమంది. ఏడుపొచ్చింది.

ఇరవైరోజులకి ఆమె మా స్కూలు ముందు నిలబడి ఉంది. నవ్వు లేదు.

"నాకు బ్రేకు వెయ్యడం నేర్పండి," అంది. "వేరేచోటికి వెళ్లొచ్చు. కానీ చెడగొట్టింది మీరు. బాగుచెయ్యాల్సిందీ మీరే."

మూతపడ్డ గోడౌను ఆవరణలో అట్టపెట్టెలు నిలబెట్టి మొదలుపెట్టాం. "ఇరవై స్పీడులో రండి. ఇప్పుడు ఆపండి. ఇంకా ముందు. మళ్లీ." అంతే మా మాటలు. మొదటిరోజు పెడలు పదకొండుసార్లు అరిచింది. ఆమె ఉలిక్కిపడలేదు. అరిచిన ప్రతిసారీ పెదవి బిగించి, మళ్లీ వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చింది. ఒకప్పుడు వైపర్లు వేస్తే నవ్వుకున్న ఇద్దరం మేమేనా అనిపించేది. నవ్వించాలని ఒకటి రెండుసార్లు నోరు తెరిచాను కూడా. ఆమె అద్దంలోకి చూసేది. నేను నోరు మూసుకునేవాణ్ని.

పదహారోరోజు మళ్లీ వాన. లారీని గుద్దిన ఆ మలుపుకే పోనిమ్మన్నాను. నేను కాళ్లు రెండూ సీటు మీదకి మడుచుకుని కూర్చున్నాను. ఆమె ఓరగా చూసింది. పెదవి చివర నవ్వులాంటిది వచ్చి పోయింది. అటువైపునుంచి వ్యాను ఒకటి దూసుకొచ్చి, మా ముందే ఆగింది. మా కారూ ఆగింది. ఆమె ఆ వానలోనే దిగి, రెండు బళ్ల మధ్యా టేపు పెట్టి కొలిచింది.

"మూడు గజాలు," అంది లోపలికొచ్చి. తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఓదార్చే హక్కు నాకు లేదు. కాళ్లు మడుచుకునే కూర్చున్నాను.

రెండురోజుల తర్వాత, అమ్మకుండా బాగుచేయించుకున్న తన సొంత కారులోనే వచ్చింది. వెనక యూనిఫారాల మూటలు, ముందుసీట్లో తండ్రి, ఒళ్లో చేతికర్ర. ఆమె దిగి నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. తెల్లచొక్కా.

"మాటిచ్చాను కదా. నాన్న కత్తిరించాడు, నేను కుట్టాను. ఎడమచెయ్యి కుట్టు కాస్త వంకరపోయింది."

"ఆదివారం చెప్పాలనుకున్నది..."

"షాపులో చెప్పేశారుగా." తల తిప్పుకుంది. "నాకూ ఇష్టమే ఉండేది మాస్టారూ. నాన్న మిమ్మల్ని ఆ రోజే క్షమించేశాడు. నాకే చేతకావట్లేదు. ఆయన స్టూలు మీద కాలు పెట్టుకున్నప్పుడల్లా మీరే గుర్తొస్తారు."

"ఎన్నాళ్లైనా ఎదురుచూస్తా..."

"వద్దు. ఆ మాట అనకండి. మళ్లీ నా పక్కన ఎవరో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నట్టుంటుంది."

టైలరుగారు కిటికీలోంచి చెయ్యి చాపి నా భుజం తడిమాడు. "చొక్కా వేసుకో బాబూ. భుజం సరిగ్గా కూర్చుంటుంది," అన్నాడు.

కారు కదిలింది. పొట్లం పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. సందు చివర మలుపు. అక్కడ ఎప్పుడూ రద్దీయే. కారు అటే పోతోంది, తగ్గట్లేదు. నా కుడికాలు నాకు తెలియకుండానే కింద మట్టిలోకి గట్టిగా దిగింది.

వెనక లైట్లు ఎర్రగా వెలిగాయి. కారు నిదానంగా ఆగింది. ఇండికేటరు వేసింది, అటూ ఇటూ చూసుకుంది, మలుపు తిరిగి వెళ్లిపోయింది. నేను ఇంకా మట్టిని తొక్కుతూనే ఉన్నాను.