సర్ బార్నబీ గారి చేప

"కట్!" అన్నాడు జూలియన్. "అద్భుతం కాలిన్! ఎంత బాగుందో చెప్పలేను. ఇంకొక్కసారి చేద్దాం."

మా డైరెక్టరు తీరే అంత. బాగుందంటాడు, మళ్ళీ చెయ్యమంటాడు. మళ్ళీ చెయ్యడమంటే ఇంకో చేప తినడం.

మా అమ్మమ్మల కాలం నాటి హాస్యకథలను టీవీకి తీస్తున్నాం. అందులో నేను సర్ బార్నబీ ప్లమ్‌ని. ఎవరేం అడిగినా కాదనలేక, ఒకే రోజు ఇద్దరికి మాటిచ్చి ఇరుక్కుపోయే అమాయకుడు. ప్రతి భాగమూ అతని ఉదయం ఫలహారంతోనే మొదలవుతుంది. ఆ ఫలహారం కిప్పర్. వీపు చీల్చి, ఉప్పు పట్టించి, రాత్రంతా పొగబెట్టిన హెర్రింగ్ చేప.

నేనేమో స్టోక్‌లో బస్సు డ్రైవరు కొడుకుని. టోస్టూ టీ తప్ప పొద్దున్నే ఇంకేదీ ఎరగను.

మొదటి రోజు మొదటి ముక్క నోట్లో పెట్టగానే నా ప్రాణం పైకే పోయింది. కక్కలేను, మింగలేను. కెమెరా తిరుగుతోంది. ఎలాగో మింగి తలెత్తేసరికి, పళ్ళెం తెచ్చిన అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది. సెట్టు మీద వంటంతా చూసుకునే హెస్టర్. ముక్కు మీద పిండి అంటుకుని ఉంది. కళ్ళు మాత్రం నా ముఖం మీదే ఉన్నాయి.

"ఎలా ఉంది సర్ బార్నబీ గారూ? మా నాన్న స్వయంగా పొగబెట్టింది."

అంత చక్కటి ముక్కున్న అమ్మాయితో, మీ నాన్న చేప చెప్పు తోలులా ఉందని ఎవడనగలడు?

"చాలా బాగుంది!" అన్నాను.

"నిజంగా?"

"ఇంత రుచి ఎప్పుడూ చూళ్ళేదు!"

"అయితే రేపట్నుంచి రెండు వేస్తాను" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మొహమాటానికి పోతే ఏమవుతుందో పెద్దవాళ్ళు ఊరికే చెప్పలేదు.

వారమంతా నరకం. తర్వాత ఒక విచిత్రం జరిగింది. చేప మెత్తగా, కమ్మగా మారింది. వెన్న, నిమ్మరసం, పైన సన్నటి పొగ వాసన. పళ్ళెంలో అదే తల, అదే తోక. రుచి మాత్రం అమృతం. జూలియన్ ఇంకొక్కసారి అంటే నాకు పండగే.

ఇదంతా ప్రేమ మహిమ అనుకున్నాను. మనిషి ప్రేమలో పడితే కిప్పర్ కూడా కమ్మగా ఉంటుందన్నమాట! లైట్ల కుర్రాళ్ళు సైతం ఎందుకో నన్ను చూడగానే ఆప్యాయంగా భుజం తట్టేవాళ్ళు. లోకమంతా మంచిదైపోయినట్టు తోచింది.

ఒక్కటే బాధ. ఆ శనివారంతో షూటింగు ఆఖరు. ఆపైన హెస్టర్ నార్తంబర్లాండ్ తీరాన వాళ్ళ ఊరెళ్ళి నాన్నకి సాయంగా ఉండిపోతుంది. ఈలోగా నేను నోరు తెరవాలి.

శుక్రవారం తోట సీనుకు వాన అడ్డొచ్చింది. వంట వ్యాను రేకు కింద ఇద్దరమే నిలబడ్డాం. చూరు నీళ్ళు నా ఎడమ భుజం మీదే పడుతున్నాయి. జరిగితే ఆమెకు దగ్గరవుతానని జరగలేదు. అంత వెధవని.

"తడుస్తున్నారు" అంది.

"పర్లేదు, హాయిగా ఉంది."

"మీకు అన్నీ హాయిగానే ఉంటాయా?"

"హెస్టర్, నీకో మాట చెప్పాలి."

"చెప్పండి." టీ కప్పు కిందపెట్టి నా వైపు తిరిగింది.

"ఈ కిప్పర్లు... చాలా బాగున్నాయి."

"అంతేనా?"

"అంతే."

ఆమె మళ్ళీ టీ కప్పు అందుకుంది. "ఆ ముక్క మా నాన్నకే చెప్పండి. ప్రతి సోమవారం పార్శిల్ పంపుతూ, మీరు రెండేసి తింటున్నారని ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఆదివారం సాయంత్రం టీ ఫలహారానికి తీసుకురమ్మన్నాడు. వస్తారా? లేదంటే మొహమాటపడకుండా చెప్పెయ్యండి."

"వస్తాను" అన్నాను. రాకుండా ఉంటానా!

ఆదివారం సముద్రం మీంచి వీచే గాలిలో ఊరంతా పొగ వాసన. హెస్టర్ నాన్న ఎడ్విన్ డాడ్స్ గడప దగ్గరే ఎదురొచ్చి నా చెయ్యి ఊపేశాడు. అది చెయ్యి కాదు, తెడ్డు.

"రా నాయనా, రా! చిక్కినట్టున్నావే. లండన్‌లో తిండి పెట్టడం లేదా?"

"నువ్వు కూర్చో నాన్నా. ప్లేట్లు నేను తెస్తాను" అంది హెస్టర్ గాభరాగా.

"నా చేప తినే మనిషికి నా చేత్తోనే పెట్టాలి. నువ్వే కూర్చో" అంటూ ఆయన వంటింట్లోకి వెళ్ళాడు.

హెస్టర్ నా వంక చూసింది. కళ్ళతో ఏదో చెబుతోంది. వంటింటి వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది, తల అడ్డంగా ఊపుతుంది. బల్ల కింద నా కాలు కూడా తొక్కింది. నా ఆనందం ఏమని చెప్పను! నేనూ ప్రేమగా ఆమె కాలు తొక్కాను.

"అబ్బా!" అని నుదురు కొట్టుకుంది.

ఎడ్విన్ నా ముందు పళ్ళెం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ధీమాగా పెద్ద ముక్క కోసి నోట్లో వేసుకున్నాను.

మొదటి రోజు రుచి తిరిగొచ్చింది. ఉప్పు, పొగ, తోలు, మధ్యలో ముళ్ళు. ప్రేమ మహిమ ఏమైందో అర్థం కాలేదు. హెస్టర్ ఎదురుగానే ఉంది, ముక్కూ అదే. చేప మాత్రం పగబట్టిన చేప.

"ఎలా ఉంది?" అన్నాడు ఎడ్విన్.

'చాలా బాగుంది' నాలుక చివరిదాకా వచ్చేసింది. హెస్టర్ కేసి చూశాను. ఆమె పళ్ళెం కేసి చూస్తోంది, ఈ మనిషి నోట ఇంకో మాట ఎలాగూ రాదన్నట్టు. ఈ అమ్మాయికి నేను ఇంతవరకూ ఒక్క నిజమైనా చెప్పానా? ఇవాళ కూడా చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాను?

"ఏమీ అనుకోకండి. నాకు నచ్చలేదు. మొదటి రోజూ నచ్చలేదు. మీ అమ్మాయి ఎదురుగా నిలబడేసరికి అబద్ధం చెప్పాను. మీ అమ్మాయంటే నాకు ప్రాణం. అది మాత్రం అబద్ధం కాదు."

హెస్టర్ ముఖం మందారంలా అయింది.

ఎడ్విన్ నెమ్మదిగా కూతురి వైపు తిరిగాడు. "మరి నేను పంపిన చేపలన్నీ ఏమయ్యాయే?"

"లైట్ల కుర్రాళ్ళు తిన్నారు నాన్నా."

"ఇతను తిన్నదో?"

"వంకాయ."

"వంకాయా!" అన్నాం, ఆయనా నేనూ ఒకేసారి.

"కాల్చి, చీల్చి, టీ డికాక్షను పూసి, వెన్నలో వేయించాను. తలా తోకా నీ చేపవే. మొదటి వారమంతా ఆముదం తాగినవాడిలా ముఖం పెట్టి బాగుందన్నాడు. పాపమనిపించింది." గొంతు తగ్గించింది. "ఇవాళ కూడా ఒకటి చేసి పొయ్యిలో దాచాను. నువ్వు ప్లేటు తేనిస్తే కదా! ఎంత సైగ చేసినా ఈ మహానుభావుడికి అర్థమైతే కదా!"

ఎడ్విన్ కుర్చీలో కూలబడ్డాడు. ఇంక గడప బయటికే అనుకుంటున్నాను.

"ఈ బల్ల దగ్గర ఇదివరకు, హెస్టర్ కోసమే వచ్చి, ఒకడు కూర్చున్నాడు" అన్నాడాయన. "చాలా బాగుందని మూడు తిని, గుమ్మం దాటి కక్కుకున్నాడు. వీళ్ళమ్మ అలా కాదు. పెళ్ళికి ముందే నా ముఖం మీద చెప్పింది, నువ్వు కావాలి గానీ నీ చేప వద్దని. పోయేదాకా ముట్టలేదు. మహా సుఖంగా బతికాం." పళ్ళెం నా ముందు నుంచి లాగేసుకున్నాడు. "వంటింట్లో గుడ్లున్నాయి నాయనా. పోయి వేయించుకో. ఇకనుంచి ఇంట్లో మనిషివి, నీకు ఎవరూ వడ్డించరు."

వంటింట్లోకి వెళ్ళాను. వెనకాలే హెస్టర్ వచ్చింది.

"పొయ్యి దగ్గర నిలబడి ఏం చూస్తున్నావ్ కాలిన్?" అంది.

'సర్ బార్నబీ గారు' పోయింది. 'మీరు' కూడా పోయింది. నా పేరు ఆమె నోట అంత బాగుంటుందని నాకు తెలియదు.

"నాకు నువ్వంటే ఇష్టమని నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"వంకాయ తింటూ ఇది మా నాన్న చేతి మహిమ అన్నావే, అప్పట్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"నీ నోటితో ఒక్క నిజం వినాలని ఆగాను. ఇన్నాళ్ళు పట్టింది, మొద్దూ!"

అవతలి గదిలోంచి కేక వచ్చింది. "అమ్మాయ్! ఆ వంకాయ సంగతేంటో చూస్తాను, నాకూ ఇంత పట్రా!"

హెస్టర్ పొయ్యిలోంచి తీసి తీసుకెళ్ళింది. ఎడ్విన్ పెద్ద ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. కళ్ళు రెండూ కిటికీలోంచి సముద్రం వైపు పోయాయి. ఆ ముఖం నాకు బాగా తెలుసు. అద్దంలో చూసినట్టే ఉంది.

"ఎలా ఉంది నాన్నా?" అంది హెస్టర్ ఆశగా.

ఆయన నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను. పెద్దాయన కష్టపడి మింగాడు.

"చాలా బాగుంది తల్లీ" అన్నాడు.

"అయితే వచ్చే ఆదివారం రెండు వేస్తాను" అంది నా హెస్టర్.