పాలవేళకి మోగే అలారం

నూకరత్నం రొయ్య తలల తొట్టి ఎత్తుకుని గోడమీది కొత్త సెన్సర్ పెట్టె కింద నిలబడింది. పాతదైతే ఈపాటికి ఊరంతా ఏకం చేసేది. దీనికి ఉలుకూ పలుకూ లేదు.

ఆ రొయ్యల ఫ్యాక్టరీలో తలుపుల పెత్తనమంతా కంప్యూటర్‌దే. షిఫ్టు అయ్యేదాకా తీయదు. గదుల్ని చల్లబరిచే అమోనియా లీకైందని సెన్సర్ చెబితే మాత్రం అన్నీ బార్లా తెరిచేస్తుంది. పాత సెన్సర్ ఒట్టి వెర్రిబాగులది. కుళ్ళు రొయ్యల వాసన తగిలినా అమోనియా అనుకుని గోల పెట్టేది.

నూకరత్నానికి మూడు నెలల పిల్ల ఉంది. ఫ్యాక్టరీ గేటు బయట అత్త ఒళ్ళో ఉంటుంది. పాలిచ్చి వస్తానని మొదట్లో అడిగితే, కంప్యూటర్ ఒప్పుకోదన్నాడు మేనేజరు. ఇంకేం చేస్తుంది పాపం? రొమ్ములు సలిపినప్పుడల్లా కుళ్ళిన తలల తొట్టి తెచ్చి సెన్సర్ కింద పెట్టేది. అందరూ బయటికి పరిగెత్తేవాళ్ళు, పిల్ల కడుపు నిండేది. మేనేజరు తల పట్టుకుని సైంటిస్టుని పిలిపించాడు. ఆవిడే డాక్టర్ హైమవతి.

"మేడంగారూ, ఇది పాడైపోయిందాండి?" అంది నూకరత్నం.

"ఇప్పుడే బాగుపడిందమ్మా," అంది హైమవతి. "లోపల చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది. దాని పైభాగాన్ని గేట్ అంటారు, దానిమీద గ్యాస్ వాలితే కింద పారే కరెంట్ మారుతుంది, అలారం మోగుతుంది. వాలింది ఏ గ్యాసో దానికి తెలిసేది కాదు. అందుకని పైన జల్లెడలాంటి పొర వేశాను. అమోనియా అణువు చిన్నది, దూరిపోతుంది. కుళ్ళు వాసనవి పెద్దవి, పైనే ఆగిపోతాయి."

"ఇంక ఈ తలలకి మోగదాండి?"

"చచ్చినా మోగదు. ఉత్తుత్తి అలారాలకి అలవాటు పడిపోయి, నిజంగా లీకైన రోజు మీరు కదలకపోతే ఎలా? మీ ప్రాణాల కోసమేనమ్మా ఇదంతా."

ఆ మాట మనసులోంచే వచ్చిందని నూకరత్నానికి తెలుస్తూనే ఉంది. చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. పక్కనే మేనేజరు. చెబితే రేపటినుంచి పనిలోకి రానివ్వడు. తలుపవతల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"అసలు దీన్ని పరీక్షించింది నువ్వే," అని హైమవతి నవ్వుతూ భుజం తట్టింది. "పొద్దుటినుంచి ఎన్నిసార్లు తొట్టి తెచ్చావో, ఇది ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు." అంతలో ఆవిడ చూపు నూకరత్నం ఏప్రాన్ మీద పడింది. "అదేంటి, ముందంతా అలా తడిసిపోయింది?"

నూకరత్నం తొట్టిని గుండెలకి అడ్డం పెట్టుకుంది.

"ఐసు నీళ్ళండి," అని, రొయ్యలు ఒలిచే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.