ఐదుసార్లు ఫెయిలైన ఫైలు

"చెక్‌బుక్ అడిగిందా! లంచం కూడా చెక్కుల్లో పుచ్చుకునేంత నిజాయితీపరురాలా ఆ మున్సిపాలిటీ మేడమ్?" కుట్టు మిషను ఆపి మరీ అరిచింది అక్క.

"చెక్‌బుక్ కాదక్కా, సెట్‌బ్యాక్! గోడకీ ఇంటికీ మధ్య వదలాల్సిన జాగా. అర అడుగు తగ్గిందట," అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

"ఫైలు తిప్పి పంపితే నవ్వెందుకురా?"

అక్కావాళ్లది ఒక్క గది ఇల్లు. అక్క, బావ, ఇద్దరు పిల్లలు, కుట్టు మిషను, దాని కింద తమ్ముడి పడక. పెరట్లో రెండు గదులు వేసుకుంటే అందరూ కాళ్లు చాపుకోవచ్చు. కానీ పెరటి ఇంటికి ఆ ఊరి పురపాలక సంఘం నలభై ఒక్క షరతులు పెట్టింది. లేనివాళ్లు ఇక్కడ ఉండకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. అంత మర్యాదస్థుల ఊరు!

ఏడాదిలో ఫైలు ఐదుసార్లు ఫెయిలైంది. కరెంటు పనిచేసే తమ్ముడు మాత్రం ప్రతిసారీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లేవాడు. ప్లాన్లు చూసే మేడమ్ తిరస్కారం, ఇతగాడి నమస్కారం, మధ్యలో రెండు చూపుల పురస్కారం.

అంతలో రాష్ట్ర ప్రభుత్వం ఊళ్ల చేతులు కట్టేసింది. నిప్పు, నీళ్లు, మురుగు... ఈ మూడింటికీ ఇబ్బంది లేకపోతే పెరటి ఇంటిని ఏ ఊరూ కాదనకూడదంది.

మర్నాడే తమ్ముణ్ణి లాక్కుని ఆఫీసుకు వెళ్లింది అక్క.

"అంతా బాగుంది. ఇవాళే పాస్ చేసేస్తాను," అంది మేడమ్, ఎవరో పోయినంత దిగులుగా.

తమ్ముడి మొహం మాడిపోయింది. "మెట్టు ఒకటి ఎక్కువైందేమో చూడండి."

"మెట్లు మేం లెక్కపెట్టకూడదట."

"పోనీ కిటికీ?"

"అదీ మా చేతుల్లో లేదు."

"ఒక్క తప్పూ లేదా? మరి రేపు నేనేం వంక పెట్టుకుని రావాలండీ!"

వెనక క్యూలో వాళ్లు మెడలు చాచారు. అక్క పాత ప్లాన్లు లాక్కుని తిరగేసింది. "ఇదేంట్రా, నాలుగోదాంట్లో ఇంటికి తలుపే లేదు!"

"ప్లాను గీసేవాణ్ణి నేనే వద్దన్నానక్కా. ఇంకోసారి రావచ్చని."

"ఓరి నీ! ఏడాదిగా ఈవిణ్ణి తిట్టిపోశాను కదరా, పాపం!"

"పాపంలో నాకూ వాటా ఉందండీ," మేడమ్ తల వంచుకుంది. "తలుపు పెన్సిల్‌తో నేనే గీసి పాస్ చేయొచ్చు. చేయలేదు... ఇంకోసారి వస్తారని."

"అక్కడ ముందర ఏమైందటండీ?" క్యూ చివర్నుంచి ఎవరో అరిచారు.

అక్క అందరివైపూ తిరిగింది. "ఏం లేదండీ! మా ఇంటికి అడ్డంపడింది నలభై ఒక్క షరతులే అనుకున్నా. వీళ్లిద్దరితో కలిపి నలభై మూడట! నోరు తెరిచి ఒక్క మాట అనుకోవడం చేతకాక, రాష్ట్రం చేత చట్టం చేయించారు. అమ్మాయ్, ముందా ముద్ర వేయమ్మా. పెళ్లి ప్లాను నేను పాస్ చేస్తా!"