మూడో చుక్క

అక్క వాళ్లింట్లో వెనకగదికి కిటికీ లేదు. అక్కడ మొక్కలకి ఎండంటే పైన వేలాడే లైటే. దాని రెగ్యులేటర్ చుట్టూ అక్క గోళ్లరంగుతో మూడు చుక్కలు పెట్టుకుంది. మొలకలకి ఒకటోది, ఆకులు పట్టాక రెండోది, మొగ్గ తొడిగాక మూడోది. అయినా నమ్మకం లేక, లైటు కింద ఆకులంత ఎత్తులో చెయ్యి బోర్లా పట్టి ముప్పై లెక్కపెట్టేది. చుర్రుమంటే వెలుతురు తగ్గించేది. పసిపిల్ల స్నానానికి నీళ్లు చూసినట్టు ఈ చాదస్తం ఏమిటే అని ఏడిపించేదాన్ని.

ఆసుపత్రిలో చేరేముందు మొలకల్ని నాకు అప్పగించింది. నేనూ ఆ ఇంట్లోనే ఉంటున్నాను మరి. నాకేమో తొందరెక్కువ. తను తిరిగొచ్చేసరికి పువ్వులు చూపించాలని మూడో చుక్కకి తిప్పేసి ఆఫీసుకి పోయాను. సాయంత్రానికి అన్నీ తెల్లగా మాడి తలలు వాల్చేశాయి. అప్పుడే అక్క ఫోన్ చేసి మొలకలెలా ఉన్నాయే అంది. నిక్షేపంగా ఉన్నాయన్నాను. తెల్లారేసరికి అక్క లేదు. పాడు నోరు, చివరిసారి అక్కతో ఆడిన మాట కూడా అబద్ధమే.

నెల తిరిగాక బావ ఒక పొట్లం చేతిలో పెట్టాడు. అక్క దాచిన విత్తనాలు, ఆరంటే ఆరే. అవి పోతే ఆ పువ్వు ఇక లేనట్టే. పాతవి ఏమయ్యాయని అడిగితే, నీళ్లు పొయ్యడం మర్చిపోయానని బొంకాను.

ఆరూ మొలిచాయి. ఆదివారం మధ్యాహ్నం, ఒకటో చుక్క మీద ఉంచి నీళ్లకి వెళ్లొచ్చాను. రెగ్యులేటర్ మూడో చుక్క మీద ఉంది. గబగబా తగ్గించాను. నా కళ్లముందే... మెల్లగా... మళ్లీ తిరిగింది. ప్లగ్గు పీకేశాను. లైటు ఆరలేదు. మాడిన ఆకు వాసన. ట్రే లాగబోతే బల్లకి అతుక్కుపోయినట్టు కదల్లేదు.

"అక్కా... వీటినేం చెయ్యకే," అన్నాను.

బావ గుమ్మంలోకి వచ్చి ఏమైందన్నాడు. ఏం లేదన్నాను. వెలుతురు ఇంకా పెరిగింది. మొలకల కొనలు తెల్లబడుతున్నాయి. ఇక నావల్ల కాలేదు. వెనక్కి వెనక్కి నడిచి బావ పక్కన నిలబడ్డాను.

"పాతవి నేనే చంపాను బావా. ఎక్కువ వెలుతురు పెట్టి మాడ్చేశాను. అక్కతో బాగున్నాయని చెప్పాను."

రెగ్యులేటర్ తనంతట తానే ఒకటో చుక్కకి వచ్చి ఆగింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"తెలుసు," అన్నాడు బావ. "మీ అక్క చెప్పింది."

అక్కకి నేను చెప్పనేలేదు. ఎప్పుడు చెప్పిందని అడిగాను.

"పొద్దున."

బావ ట్రే వైపే చూస్తున్నాడు. నేనూ చూశాను. మొలకల మీద, బోర్లా పట్టిన చేతి నీడ. మేమిద్దరం గుమ్మం దగ్గరే ఉన్నాం. గదిలో ఎవరో గుసగుసగా లెక్కపెడుతున్నారు.

ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది...