తొమ్మన్నూటేడు

“వాద్యార్ కాదు సార్ వాడు, దొంగోడు!” అంటూ డిటెక్టివ్ చెన్నకేశవన్ గది తలుపు విసురుగా తోసింది పాంచాలి. అరవనాట తుడియలూరు మిల్లులో నూలు చుట్టే రీలింగు కార్మికురాలు. జుట్టులో నూలుపీచు ఇంకా అంటుకునే ఉంది.

94989203ని రెండు ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టినవారికి నూలు పరీక్ష గదిలో ఉద్యోగమని మేనేజరు గోపాలసామి బోర్డు పెట్టాడు. పాంచాలి నెల రోజులు నేలమీద సుద్దతో భాగించి సాధించింది. ఆమెకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. అర్జీ రాసిపెట్టమని మిల్లు బడి వాద్యార్, అంటే పంతులు, ఈశ్వరన్‌కు జవాబు చెప్పింది. అతడు తన పేరే రాసుకున్నాడు. ఇదేమని అడిగినందుకు ఆమె పని పోయింది.

అసిస్టెంటు గోవిందరాజ్‌కు ఒళ్లు మండిపోయింది.

“ఏ మాటల్లో చెప్పావమ్మా?” అన్నాడు చెన్నకేశవన్.

“మనింటి మాటలోనే సార్. తొమ్మన్నూటేడు, ఇంకోటి లక్షా నాలుగువేల ఏడునూటిరవైతొమ్మిది అంటిని.”

మిల్లు బోర్డు మీద ఈశ్వరన్ జవాబు వేలాడుతోంది: 97, 104729. చెన్నకేశవన్ అది చదివి అందరినీ మేనేజరు గదికి పిలిపించాడు.

“ఆమెది 907, నాది 97. ఇందులో తిరుట్టు, దొంగతనం ఎక్కడ సార్?” అని నవ్వాడు ఈశ్వరన్. ఆ నవ్వు చూస్తే లాగి ఒకటి ఇవ్వాలనిపించింది గోవిందరాజ్‌కు.

“అంకెలు కూడి, తొమ్మిదులు తీసి నేనే చూసినా. రెండు పక్కలా ఎనిమిదే మిగిలె,” అన్నాడు గోపాలసామి.

“907కైనా 97కైనా అంకెల మొత్తం పదహారే. సున్న జారిపోతే ఆ పరీక్షకు తెలియదు. గుణించండి,” అన్నాడు చెన్నకేశవన్.

మేనేజరు గుణించాడు. 10158713 వచ్చింది. కలం కింద పెట్టేశాడు.

“అసలు సంఖ్యను 97తో భాగిస్తే పదమూడు మిగులుతుంది. ఆ దారిన 104729 ఎవరికీ రాదు. 907తో భాగించినవాళ్లకే వస్తుంది. తప్పు సంఖ్య పక్కన ఒప్పు సంఖ్య ఎలా వచ్చింది పంతులూ?”

ఈశ్వరన్ నవ్వు మాయమైంది.

“నేను చెప్తా. అరవంలో తొణ్ణూరంటే తొంభై. మన ఇళ్లల్లో తొమ్మన్నూరంటే తొమ్మిది వందలు. నువ్వూ తెలుగింటివాడివే. కానీ ఆ మాటంటే నీకు నామోషీ. ఆమె తెలుగులో చెప్పింది, నీ చెవి అరవంలో విన్నది. దొంగిలించింది సరిచూసుకునే ఓపిక కూడా లేకపోయె!”

“మా అమ్మ అట్లే అంటా వుండె...” అని గొణిగాడు ఈశ్వరన్.

“మీయమ్మ మాట నీకు అసింగమా, రోతా? ఆ మాటతో నా కూడు తీసేస్తివి కదరా!” అని అరిచింది పాంచాలి.

గోపాలసామి తలెత్తలేక బోర్డు మీది కాగితం తెప్పించాడు. ఈశ్వరన్ పేరు కొట్టేసి, పాంచాలి పేరు రాసి, ఉద్యోగం ఆమెదేనన్నాడు. వేలిముద్రకు సిరాపెట్టె జరిపాడు.

పాంచాలి దాన్ని పక్కకు నెట్టి కలం అందుకుంది. పేరు కింద 907 అని రాసింది. నడుమ సున్నను మటుకు కాగితం చిరిగేదాకా దిద్దింది.