ఇద్దరూ చూడని బొమ్మ

అలిపిరి పోయే దారిలో, చింతచెట్ల వెనక, ఒక పరిశోధనశాల ఉండేది. 1985 నాటి మాట ఇది. ఆ భవనంలో కింది అంతస్తు చివరి గదికి కిటికీలు నాలుగు. నాలుగింటికీ నల్లగుడ్డ పరిచి మేకులు కొట్టి ఉండేవి. బయట మే నెల ఎండ బండల్ని పగలగొడుతున్నా, లోపల మాత్రం ఎప్పుడూ అమావాస్యే. ఆ చీకట్లో రెండు టేబుళ్ళు. ఒకటి ప్రేమానందానిది, రెండోది జ్ఞానాంబది.

వాళ్ళ పని చెప్పడానికి సులువే, చెయ్యడానికే కళ్ళు పోతాయి. జర్మనీలో ఎక్కడో ఒక పెద్ద గుండ్రటి గొట్టం ఉంది. అందులో ఎలక్ట్రాన్లను ఒకవైపు నుంచి, వాటికి సరిగ్గా విరుద్ధమైన పాజిట్రాన్లను ఇంకోవైపు నుంచి తరిమి ఢీకొట్టిస్తారు. రెండూ మాయమైపోతాయి. ఆ మంటలోంచి టౌ అనే కణాలు ఒక్కోసారి జంటగా పుడతాయి. పుట్టినవి పుట్టినట్టే చచ్చిపోతాయి. రెప్పపాటులో లక్ష కోట్లో వంతు కూడా బతకవు. అవి చచ్చిన చోటు నుంచి గీతలు బయల్దేరతాయి. మామూలుగా ఒకవైపు ఒక గీత, ఇంకోవైపు ఒకటో మూడో. చాలా అరుదుగా మాత్రం ఒకవైపు ఒకటి, ఇంకోవైపు ఐదు. ఆ ఒకటీ-ఐదు చావులు ఎన్నో లెక్క తేల్చాలి. ఆ దేశపోళ్ళు బొమ్మలన్నీ ఫిల్ము రీళ్ళకెక్కించి పంపేవాళ్ళు. పైనుంచి దీపం వేస్తే బొమ్మ టేబులు మీద పరుచుకునేది, తెల్లటి వెలుగులో నల్లటి గీతలతో. పిడి తిప్పితే, టక్... తర్వాతి బొమ్మ.

రీలుకు రెండువేల బొమ్మలు. ప్రతి రీలునూ ఇద్దరు చూడాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. అదీ కట్టడి.

ప్రేమానందానికి యాభై దాటినాయి. సత్యవేడు పక్క పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, అదే భవనంలో ఎనిమిదేళ్ళు చీపురు పట్టి, సార్లు పారేసిన కాగితాలు ఏరుకుని చదివి ఆ టేబులు దగ్గరికి వచ్చినవాడు. నోరు కరుకు. దినకూలి మీద కళ్ళు అరగదీసుకునే వాళ్ళను పర్మనెంటు చెయ్యండని ఆఫీసు గడప ముందు ఆరేళ్ళుగా అరుస్తూనే ఉన్నాడు. చివరికి ఆ ఏడాది ఆఫీసోళ్ళు దిగి వచ్చినారు. ఏప్రిల్ ముప్పైలోగా చేతిలో ఉన్న రీలు ముగించిన వాళ్ళకు ఉత్తర్వు ఇస్తామన్నారు. ముగించని వాళ్ళకు లేదు. కూలోడి ఆకలికి గడువు పెట్టే బుద్ధి ఆఫీసోళ్ళకే పుడుతుంది.

ప్రేమానందం తన వంతు ముందే ముగించినాడు. జ్ఞానాంబ వెనకబడింది.

"అన్నా, తల పగిలిపోతా ఉండాది. కళ్ళల్లో గీతలు గీతలుగా కదలతా ఉండాయి" అంది ఏప్రిల్ ఇరవయ్యారో తారీకు మధ్యాహ్నం. కణతలకు అమృతాంజనం పూసుకుంటా ఉంది. గదంతా ఆ ఘాటు.

"రెండొందల చిల్లర ఉండాయి, అంతే గదమ్మా. నా తల్లి కదూ, ముగించేసి పో. రేపు ఉత్తర్వు చేతికొస్తే తలనొప్పి దానంతటదే పోతాది."

"నీ నోట్లో చక్కెర పొయ్య. నీ తలకాయైతే తెలిసేది" అని నవ్వి, మళ్ళీ పిడి పట్టుకుంది.

టక్... టక్... టక్... కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. ప్రేమానందం తలెత్తి చూస్తే, ఆమె బొమ్మ మీద చెంప ఆనించి పడుకున్నట్టుంది. నల్లటి గీతలు ఆమె ముఖం మీద పాకుతున్నాయి. పేరు పెట్టి పిలిచినాడు. పలకలేదు. సాయంత్రం ఆస్పత్రిలో పోయింది. తలలో నరం చిట్లిందన్నారు.

ఆమె కాగితం 1787 దగ్గర ఆగి ఉంది. 1788వ బొమ్మ ఎదురుగా ఉండగా పడిపోయింది.

ఆమెకు మొగుడు లేడు. పంతొమ్మిదేళ్ళ కూతురు ఒకతె, భారతమ్మ. రీలు ముగిసుంటే జ్ఞానాంబ పర్మనెంటుగా చచ్చినట్టు లెక్క, ఆ ఉద్యోగం కూతురికి వస్తుంది. ముగియకపోతే దినకూలి మనిషి. చచ్చిన రోజు కూలి కూడా సగమే. మట్టి చేసి వచ్చిన రాత్రంతా ఆ పిల్ల గోడకానుకొని కూర్చున్న తీరు ప్రేమానందం కళ్ళలోంచి పోలేదు. తెల్లారి వచ్చి, ఆమె అక్షరాలను అనుకరిస్తూ, మిగిలిన నాలుగు కాగితాలూ తానే నింపేసినాడు.

ఫిల్ము చూడలేదు. తన కాగితం చూసి రాసినాడు. తనకు ఆ చివరి భాగంలో ఒకటీ-ఐదు బొమ్మలు రెండు దొరికి ఉన్నాయి. ఒకటి ఆమెకు ఇచ్చినాడు, ఒకటి దాచేసినాడు. అన్నీ కలిస్తే కాపీ అని తెలిసిపోతుందని ఎరిగినవాడు గదా. చచ్చిన మనిషి కన్ను ఎక్కడ తప్పుతుందో కూడా తానే నిర్ణయించినాడు.

సంతకం పెట్టి, ఆమె బతికున్న తారీకు వేసినాడు. దేవుడు తనను అడిగితే, ఆఫీసోళ్ళను ముందు అడుగు అని చెప్పదలుచుకున్నాడు.

పది రోజుల తర్వాత ప్రొఫెసరు ధనంజయ పిలిపించినాడు. మంచివాడే, లోకం తెలియనివాడు.

"ఒకటీ-ఐదులు నీకు పదిహేను, ఆమెకు పన్నెండు. ఇద్దరికీ పడినవి పది. నీవాటిలో మూడింట రెండొంతులు ఆమె కంట పడినాయంటే, ఆమె పన్నెండూ మొత్తంలో మూడింట రెండొంతులే. అంటే మొత్తం పద్దెనిమిది ఉండాలప్పా. మీరిద్దరూ కలిసి పట్టింది పదిహేడే."

"చూడకుండానే ఎట్ట చెప్తారు సార్?"

"మామిడితోటలో ఇద్దరు కావలివాళ్ళు విడివిడిగా తిరిగి, కనపడిన పండ్లకు సున్నం బొట్లు పెట్టినారనుకో. రెండు బొట్లున్నవి ఎన్నో, ఒక బొట్టువి ఎన్నో చూస్తే, బొట్టే లేనివి ఎన్నో తెలిసిపోదా? ఇద్దరి కంటికీ పడనిది ఇంకొకటి ఆ రీలులో ఉండాది." కాగితాలు కవరులో పెట్టి బీరువాలో వేసి తాళం తిప్పినాడు. "దాన్ని వెతకాల్సిన పన్లేదులే. లెక్కలో కలుపుకుంటాం. ఆ పిల్ల ఉత్తర్వు కూడా వచ్చింది, రేపు చేరమని చెప్పు."

వెతకాల్సిన పన్లేదట. కానీ ప్రేమానందానికి మెతుకు దిగలేదు. తాను దొంగరాత రాస్తే లెక్క తప్పాలి గదా. అయినా లెక్క ఒకటి మిగిలిందంటోంది. ఆ ఒకటి ఎక్కడుందో అతనికి తెలుసు. ఆమె కళ్ళు ఆఖరున దేని మీద వాలినాయో అక్కడ.

మధ్యాహ్నం రెండు గంటలకు చివరి గదికి పోయినాడు. బయట కాకి కూడా అరవడం లేదు. తలుపు వేసి, జ్ఞానాంబ టేబులు ముందు కూర్చుని, రీలు ఎక్కించి, దీపం వేసినాడు. ఫ్యాను గుర్రుమంది. వేడెక్కిన దుమ్ము వాసన. తర్వాత ఇంకో వాసన, సన్నగా, ముక్కు చివర కుట్టేటట్టు.

అమృతాంజనం.

టేబులుకు పట్టిన పాత వాసన అనుకున్నాడు. పిడి తిప్పుతూ పోయినాడు. 1786... 1787... టక్.

1788.

ఎడమవైపు ఒక గీత. కుడివైపు నాలుగు. వేలు పెట్టి లెక్కపెట్టినాడు. నాలుగే. ఊపిరి వదిలినాడు. పిచ్చి నా కొడుకువిరా, అని తనను తానే తిట్టుకుని, మళ్ళీ చూసినాడు.

కుడివైపు ఇప్పుడు ఇంకో ఐదు గీతలున్నాయి.

ఇందాకటి వాటికి కొంచెం పక్కగా. సన్నగా, పొడుగ్గా. నాలుగు దగ్గర దగ్గరగా, ఒకటి కొంచెం ఎడంగా, పొట్టిగా. ఇవి ముందు లేవు. పిడి తిప్పినాడు. 1789 వచ్చింది. బొమ్మ మారింది.

ఆ ఐదు గీతలు మారలేదు.

1790... ఉన్నాయి. 1791... అక్కడే ఉన్నాయి. అద్దం మీద ఏదో అంటుకుంది అనుకుని, పంచె అంచుతో గాజు తుడిచినాడు. పోలేదు. దీపానికీ టేబులుకూ నడుమ తన చెయ్యి పెట్టి చూసినాడు. తన చేతి నీడ లావుగా, నల్లగా బొమ్మ మీద పడింది. ఐదు వేళ్ళు.

దాని పక్కన... ఆ ఐదు గీతలు. అదే తీరు. అదే ఎడం.

తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండో చెయ్యి ఉండిపోయింది.

మెడ తిప్పడానికి ధైర్యం చాల్లేదు. చెమట ముక్కు మీదుగా కారి టేబులు మీద పడింది. ఫ్యాను చప్పుడులో... ఇంకో ఊపిరి చప్పుడు. తన చెవి పక్కనే.

చూపుడువేలు గీత మెల్లగా వంగింది. పిడి వైపు చూపించింది. అతని చెయ్యి తనకు తెలీకుండానే వెనక్కి తిప్పింది. టక్. టక్. టక్. 1788. ఆ నీడవేలు జరుగుతూ జరుగుతూ పోయి, నాలుగు గీతలు కలిసే చోట ఆగింది. అక్కడ, రెండు గీతల మధ్య, వెంట్రుకంత సన్నగా, మొదట్లోనే తెగి... ఐదోది.

ఒకటీ-ఐదు. తాను గమనించనిది. ఆమె రాయలేకపోయినది.

"చూసినానమ్మా..." అన్నాడు గొంతులోనే. "చూసినాను."

"నా కాగితం ఎవురు రాసినారన్నా?"

చెవిలో పెట్టి చెప్పినట్టుంది. కోపం లేదు. అదే భయపెట్టింది.

"నేనే తల్లీ... పిల్ల కోసం..."

ఫ్యాను. వేడి. ఆ ఘాటు కళ్ళలో నీళ్ళు తెప్పిస్తోంది.

"మిగతాది నేనే చూడల్ల గదా" అందా గొంతు.

దీపం ఆరిపోయింది. ప్రేమానందం గోడలు తడుముకుంటూ బయటికొచ్చి, ఎండలో బండ మీద కూలబడినాడు.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసరు గదికి పోయినాడు. పిల్ల ఉద్యోగం పోతుంది, తనదీ పోతుంది. పోనీ. ఆరేళ్ళు అరిచినోడు మళ్ళీ అరవలేడా? చచ్చిన మనిషి పేరు మీద అబద్ధం మాత్రం ఉండకూడదు.

"సార్, ఆ ఆఖరు నాలుగు కాగితాలూ జ్ఞానాంబవి కావు. నేను రాసినాను."

ధనంజయ నమ్మలేదు. బీరువా తాళం తీసి, కవరు బయటికి తీసి, కాగితాలు పరిచినాడు.

"ఆమె రాతే గదప్పా ఇది."

ప్రేమానందం వంగి చూసినాడు. తన రాత కాదు. అనుకరించినవాడికి తెలుస్తుంది గదా, ఏది అసలో. 1788 ఎదురుగా ఒకటీ-ఐదు అని రాసి ఉంది. తాను దాచేసిన బొమ్మకు కూడా గుర్తు పెట్టి ఉంది.

"నాలుగంటివి? ఐదుండాయే" అన్నాడు ధనంజయ.

ఐదో కాగితం 2001తో మొదలైంది. 2002. 2003. వరసగా, తీరుగా, సగం పేజీ దాకా. 2034 దగ్గర ఆగింది.

"రీలులో రెండువేలే గదా ఉండేది! ఇవెక్కడివి?"

ప్రేమానందం చూపు పైన ఆగిపోయింది. ప్రతి కాగితానికీ పైన, రీలు చూసే రెండో మనిషి ఎవరో రాసేందుకు ఒక గడి ఉంటుంది. అన్నిటి మీదా ప్రేమానందం అని ఉంది. ఐదో దాని మీద మాత్రం, అదే గుండ్రటి రాతలో, భారతమ్మ అని ఉంది.

"సార్... ఆ పిల్ల యాడ?"

"ఏడు గంటలకే వచ్చి చేరింది. అమ్మ టేబులే కావాలనింది. కూర్చోమన్నా. ఏమప్పా, ఏమైంది?"

కాగితం చేతిలోనే పట్టుకుని పరిగెత్తినాడు. వరండా చివర తలుపు మూసి ఉంది. లోపలినుంచి టక్... టక్... భుజంతో తోసినాడు.

చీకట్లో ఒక్క టేబులే వెలుగుతోంది. భారతమ్మ వీపు ఇటు పెట్టి వంగి కూర్చుని ఉంది. పిడి తిప్పుతోంది, చూస్తోంది, రాస్తోంది. టేబులు మీద పరుచుకున్నది ఉత్త తెల్లటి వెలుగు. ఒక్క గీత లేదు. ప్రేమానందం యంత్రం పైకి చూసినాడు.

రీలు లేదు. అసలు ఎక్కించనే లేదు.

"భారతా... లేయ్ తల్లీ. బయటికి రా. మనకీ పనొద్దు."

"సద్దు చెయ్యాకు మామా." తల తిప్పలేదు. "లెక్క తప్పుతాది."

భుజం మీదుగా ఆమె కాగితం చూసినాడు. 2029. 2030. ఆమె గుర్తు పెట్టిన చోటల్లా తన చేతిలోని కాగితంలో గుర్తు ఉంది. ఆమె వదిలేసిన చోటల్లా ఖాళీ. ఒక్కటీ తప్పలేదు. పెన్సిలు 2031 పక్కన ఆగింది.

ఆ కింద తన చేతిలోని కాగితంలో ఉన్నవి మూడే వరసలు.

గోడ దగ్గరికి దూకి ప్లగ్గు పీకేసినాడు. వైరు అతని చేతిలో వేలాడింది. టేబులు మీది వెలుగు మాత్రం పోలేదు.

"చూసినావా మామా," అంది భారతమ్మ, వెలుగులోకి ఇంకా వంగుతూ, "ఎంత బాగుండాయో..."

టక్.

ఇంక రెండు.