ఆరో అక్షరం

గిస్బోర్న్‌కి ఉత్తరాన, రేవు పక్క మ్యూజియంలో కింది గదికి మంచి పేరు లేదు. పూర్వీకుల చెక్క బొమ్మలు దాచే గది అది. తెల్లవాళ్లు వెళ్తారు, వస్తారు. ఆ నేల తొలివాసులైన మావోరీ మనిషి వెళ్తే మాత్రం... తలుపు వెనక్కి వదలదని చెప్పుకుంటారు.

హూరియ నవ్వేది. తనూ మావోరీయే, కానీ కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ఆ తలుపు సంగతి తేల్చడానికే వచ్చింది. చీకటి పడుతుండగా తలుపు పక్క తెర మీద పేరు కొట్టింది. తెరుచుకుంది. లోపలికి వెళ్లగానే వెనక మూసుకుంది.

చుట్టూ బొమ్మలు — నీలి చిప్పల కళ్లు, చాచిన నాలుకలు.

బయటికి రావాలన్నా పేరు కొట్టాలి. కొట్టింది. తెర మీద మెరిసింది: ‘లోపలికి ఐదు. బయటికి ఆరు.’

మళ్లీ కొట్టింది. అదే మాట.

వచ్చింది తనొక్కతే. మరి... ఆ ఎక్కువైంది ఎవరు?

గోడ ఫోను ఎత్తింది. అవతల కాపలా ఉండే ముసలాయన, తామతి.

"తాళం మనిషి పొద్దున గానీ రాడు, అమ్మాయ్."

"రాత్రికి గాలి మిషన్ ఆగిపోతుంది కదా, బాబాయ్?"

ఆయన గుసగుసగా, "ఆ బొమ్మల్లోని పెద్దలతో మాట్లాడు... మీ నాయనమ్మ పేరు చెప్పు."

దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. వెనకెక్కడో చెక్క కిర్రుమంది. మెడ మీద ఊపిరి తగిలినట్టయింది — తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. నాయనమ్మ పేరు చెప్పింది. అదే తన పేరు కూడా. హూరియ... వాళ్లు రాసే ఇంగ్లీషు లిపిలో ఐదక్షరాలు, రెండోదాని నెత్తిన దీర్ఘం గీత.

ఐదు.

తలుపు చూసేది పేరు పొడవు! వచ్చేటప్పుడు డేటాబేస్ అక్షరాలు లెక్కపెట్టింది. వెళ్లేటప్పుడు బైట్లు లెక్కపెడుతోంది — అక్షరాల్ని దాచుకునే గళ్లు. గీత ఉన్న అక్షరానికి రెండు గళ్లు పడతాయి. తెల్లవాళ్ల పేర్లకి ఆ గీత ఉండదు.

గీత తీసేసి కొట్టింది. నాయనమ్మ పేరు విరిచినట్టనిపించింది. తలుపు తెరుచుకుంది.

బయట తామతి నీళ్ల గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. పూర్వీకుల గదిలోంచి వస్తే చల్లుకోవాలనే ఆచారం ప్రకారం ఆ నీళ్లు చేతుల మీద చల్లుకుంటూ, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో అంతా చెప్పింది.

"దెయ్యం లేదు, బాబాయ్. లెక్క తప్పు. గీత ఉన్న పేర్లే ఇరుక్కుంటున్నాయి."

ఆయన తలూపాడు. తలుపు మళ్లీ మూసుకునేదాకా దానికేసే చూశాడు.

"మా తమ్ముడు కూడా ఓ రాత్రంతా లోపలే ఉండిపోయాడు," అన్నాడు నెమ్మదిగా. "వాడి పేరు విరెము. అందులో ఏ గీతా లేదమ్మా..."